కాగితం రాసుకోలేదు, బేరం చెల్లుతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఐదెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఫిబ్రవరిలో పూత చూసి ఒక వ్యాపారి తోటను గుత్తకు మాట్లాడుకున్నాడు. కాపు మొత్తానికి 4 లక్షలు. అప్పుడే ఫోన్‌పేలో 50 వేలు వేశాడు. మిగతాది కోత మొదలుపెట్టే రోజు ఇస్తానన్నాడు. నీళ్లు కట్టడం మా పని. మందులు, కాపలా, కోత ఆయనవి. కాగితం రాసుకుందామంటే "కాణిపాకం సామి మీద ఒట్టు, కాగితాలెందుకు మా" అన్నాడు. ఆయన మనుషులే వచ్చి రెండు తూర్లు మందు కొట్టారు. జూన్‌లో రేటు పడిపోయింది. కోతకు రాలేదు. ఫోన్ చేస్తే "నా అడ్వాన్సు నువ్వే ఉంచుకో, బేరం సరి. కాగితం ఉంటే చూపించు" అన్నాడు. కాయలు పండి రాలిపోతుంటే మేమే కోయించి జ్యూస్ ఫ్యాక్టరీకి తోలాము. కూలి, బాడుగ పోను 1,40,000 మిగిలింది.

ఇంకో సంగతి. రెండేళ్ల కింద మా ఆయన పోయారు. పెద్దకర్మ రోజు మా బావగారు అందరి ముందర "పాప చదువు నా బాధ్యత, ఇంజనీరింగు ఫీజు నేనే కడతా" అన్నారు. తర్వాత పంపకాలు జరిగాయి, బోరు ఉన్న ఎకరా ఆయనకే వదిలేశాము లెండి. పాప ఇప్పుడు బీటెక్‌లో చేరింది. ఫీజు సంగతి ఎత్తితే "ఏదో బాధలో అన్నాను, నాకూ పిల్లలున్నారు" అంటున్నారు. ఇద్దరి మీదా కేసు వేయవచ్చా? మాట ఇచ్చి తప్పితే చట్టం ఏమీ చేయదా?

- ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

సమాధానం:

అమ్మా, వినేవాళ్లకు మీ బావగారు ఇచ్చిన మాటే పెద్దదిగా అనిపిస్తుంది. చావింట, బంధువులందరి ముందు, కన్నీళ్లు పెట్టుకుని చెప్పిన మాట. వ్యాపారిది తోటలో నిలబడి చేసుకున్న బేరం. కానీ కోర్టు దాకా వెళ్తే వ్యాపారి మాటే గట్టిగా నిలబడుతుంది. బావగారి మాట నిలబడేదీ లేనిదీ మీరు ఉత్తరం మధ్యలో, అంత పట్టింపు లేనట్టు రాసిన ఒక్క వాక్యం మీద ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు వ్యాపారి సంగతి. "కాగితం ఉంటే చూపించు" అన్నాడు కదా, ఆ మాటకు మీరు బెదరాల్సిన పని లేదు. మన దేశంలో ఒప్పందాల చట్టం 1872 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఒక మాట కాంట్రాక్టు కావాలంటే ఏం ఉండాలో అందులో పదో సెక్షను చెబుతుంది. ఇద్దరూ ఒకే సంగతిని ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు బెదిరింపు వల్లో మోసం వల్లో వచ్చింది కాకూడదు. ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు నిండి, మతి స్థిమితంగా ఉండాలి. ఒకరు ఇచ్చేదానికి బదులుగా ఇంకొకరు ఏదో ఒకటి ఇవ్వాలి, లేదా చేయాలి. చేసే పని చట్టానికి విరుద్ధం కాకూడదు. ఈ షరతుల్లో కాగితం లేదు. స్టాంపు లేదు, నోటరీ లేదు, సాక్షి సంతకాలు లేవు. ఫలానా రకం ఒప్పందం రాతలోనే ఉండాలని వేరే చట్టం ఏదైనా చెబితేనే రాత తప్పనిసరి అవుతుంది.

మరి తోట బేరానికి అలాంటి చట్టం ఉందా? భూమి అమ్మకానికి ఉంది. మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత భూమి అమ్మకం అగ్రిమెంటు కూడా రిజిస్టర్ చేయించాల్సిన పత్రమే. కానీ మీరు అమ్మింది భూమిని కాదు, చెట్లనూ కాదు. ఈ కాపు కాయల్ని, అదీ కోసుకుపోయేటట్టు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం కోసి తీసుకుపోవడానికి బేరం చేసుకున్న పంట మామూలు సరుకే. సరుకు బేరం నోటి మాటతో చేసుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది. పూత దశలో, కాయ ఇంకా పడకముందే చేసుకున్న బేరం చెల్లుతుందా అన్న అనుమానం కూడా వద్దు. రాబోయే సరుకు మీద ఒప్పందం చేసుకోవచ్చు. రెండు మూడేళ్లకు కలిపి తోట మొత్తం అప్పగించే గుత్తలైతే లెక్క వేరు. అక్కడ భూమి మీద హక్కు ఇచ్చినట్టయ్యి రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది. మీది ఒక్క కాపు గనుక ఆ గొడవ లేదు.

కాబట్టి బేరం ఉంది. మీ ముందున్న అసలు ప్రశ్న, అది జరిగిందని రుజువు చేయడం ఎలా అన్నది. కాగితం ఉపయోగపడేది అక్కడే. అది లేనప్పుడు, జరిగిన పనులే సాక్ష్యం చెప్పాలి. మీ దగ్గర అవి బాగానే ఉన్నాయి. ఫిబ్రవరిలో మీ ఖాతాలో 50 వేలు పడ్డాయి. బేరమే లేకపోతే ముక్కూ మొహం తెలియని మనిషి అంత డబ్బు మీకెందుకు వేశాడు? జడ్జి అడిగే మొదటి ప్రశ్న ఇదే, దానికి ఆయన దగ్గర సరైన జవాబు ఉండదు. రెండోది, ఆయన మనుషులు వచ్చి మందు కొట్టడం. ఏ సంబంధమూ లేని తోటకు ఎవరూ సొంత ఖర్చుతో మందు కొట్టించరు. ఆ మందు కొట్టిన కూలీలు ఎవరో, మందు ఏ దుకాణంలో కొన్నారో కనుక్కోండి. పక్క తోట వాళ్లు చూసి ఉంటారు, వాళ్లను అడిగి పెట్టుకోండి.

మీ ఫోన్లో కూడా వెతకండి. ఇలాంటి వ్యాపారులు కాగితం రాయరు గానీ, వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు మాత్రం తెగ పెడుతుంటారు. "కాయ సైజు ఎట్లుంది మా, గురువారం మనుషుల్ని పంపిస్తా, ఇంకో తూరి కొట్టిద్దాం" లాంటి పది సెకన్ల మెసేజీ ఒకటి దొరికినా, అది స్టాంపు పేపరు కంటే బాగా పనిచేస్తుంది. గొంతు ఆయనదే కదా. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను ప్రకారం ఇలాంటి డిజిటల్ సాక్ష్యాన్ని ఒక సర్టిఫికెట్‌తో కోర్టుకు ఇవ్వాలి. ఆ పని లాయరు చూసుకుంటాడు. మీరు చేయాల్సిందల్లా ఆ ఫోన్ అమ్మకుండా, ఫార్మాట్ కొట్టకుండా, ఆ మెసేజీలు డిలీట్ కాకుండా చూసుకోవడం. పాప కొత్త ఫోన్ అడిగినా పాతది బీరువాలో పెట్టండి.

ఇక "అడ్వాన్సు నువ్వే ఉంచుకో, బేరం సరి" అన్న మాట. మండీల్లో, రియల్ ఎస్టేట్లో, కల్యాణ మండపాల దగ్గర, అంతటా ఇది పెద్ద ధర్మసూత్రంలా చలామణీ అవుతోంది. అడ్వాన్సు వదులుకుంటే చేతులు దులుపుకోవచ్చని అందరూ నమ్ముతారు. బేరం చేసుకునేటప్పుడే "నేను వెనక్కి పోతే అడ్వాన్సు మాత్రమే పోతుంది, ఇంకేమీ అడగకూడదు" అని ఇద్దరూ అనుకుని ఉంటే తప్ప, చట్టంలో దానికి ఆధారం లేదు. బేరాన్ని ఒక్కడే రద్దు చేసి, నష్టం ఎంతో కూడా తానే నిర్ణయించడం కుదరదు. ఆ 50 వేలు మొత్తం ధరలో భాగంగా మీకు ముట్టిన సొమ్ము. దాన్ని నష్టంలో జమ వేసుకుని మిగతాది అడగడానికి మీకు హక్కుంది.

రేటు పడిపోయింది కాబట్టి తీసుకోలేదంటాడు. పడుతుంది, ఒక్కోసారి లేస్తుంది కూడా. తోతాపురి రేటు జూన్‌లో ఎటు పోతుందో ఫిబ్రవరిలో ఎవరికీ తెలియదు గనుకే గుత్త బేరాలు పుట్టాయి. రేటు రెండింతలై ఉంటే మీరు "ఇంకో లక్ష ఇస్తేనే కోయనిస్తా" అంటే ఆయన ఒప్పుకునేవాడా? చేయాల్సిన పని అసలు చేయడానికే వీల్లేకుండా పోతే ఒప్పందం రద్దవుతుందని ఒప్పందాల చట్టంలో 56వ సెక్షను చెబుతుంది. వడగళ్ల వానకు తోట మొత్తం నేలమట్టమై ఉంటే ఆ వాదన వినవచ్చు. ధర తారుమారైనంత మాత్రాన ఆ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 1960లోనే అలోపీ పర్షాద్ కేసులో చెప్పింది.

కాణిపాకం ఒట్టు గురించి కూడా చెప్పాలి. మన జిల్లాలో ఆ ఒట్టుకు ఉన్న విలువ తెలియనిది కాదు. కోర్టులో తేలని గొడవలు అక్కడ తేల్చుకున్నామని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఒకప్పుడు చట్టం కూడా దీనికి చోటిచ్చింది: 1873 నాటి ప్రమాణాల చట్టం కింద, ఒక పక్షం "వాడు ఫలానా పద్ధతిలో ప్రమాణం చేస్తే నేను కట్టుబడతా" అని కోర్టులో ఒప్పుకుంటే ఆ ప్రమాణం మీద చెప్పిన మాటే తిరుగులేని రుజువయ్యేది. 1969లో వచ్చిన కొత్త చట్టంలో ఆ ఏర్పాటు లేదు. ఇప్పుడు ఒట్టు వేశాడా లేదా అన్నది మీ కేసును బలపరచదు, బలహీనపరచదు. కాకపోతే పెద్దమనుషుల ముందుకో, గుడి దగ్గరికో పిలిస్తే వచ్చి "అవును, తోట మాట్లాడుకున్నా, రేటు పడింది కాబట్టి వదిలేశా" అని నలుగురి ముందు అంటే, ఆ ఒప్పుకోలుకు మాత్రం విలువ ఉంది. విన్నవాళ్లు సాక్షులవుతారు.

ఎంత అడగాలి? ఒప్పుకున్నది 4,00,000. అడ్వాన్సు 50,000, కాయలు అమ్మితే మిగిలింది 1,40,000. రెండూ కలిపి 1,90,000 మీ చేతికి వచ్చింది. కాబట్టి నష్టం 2,10,000. కోత ఖర్చు బేరం ప్రకారం ఆయనదే గనుక, కూలి, బాడుగ పోను మిగిలినదే లెక్కలోకి తీసుకోవడం సరైనది. మీరు కాయలు కోయించి అమ్మడం చాలా మంచి పని. "ఆయన సరుకు, ఆయన చూసుకుంటాడు" అని చెట్టు మీదే వదిలేసి ఉంటే కోర్టు మిమ్మల్నే తప్పు పట్టేది. నష్టం తగ్గించుకోవడానికి చేతిలో ఉన్న దారిని వాడుకున్నారా అని ఒప్పందాల చట్టంలో 73వ సెక్షను చూస్తుంది. పాడైపోయే సరుకును నోటీసు లేకుండానే తిరిగి అమ్ముకోవచ్చని సరుకుల అమ్మకం చట్టం కూడా చెబుతుంది.

ఆయన లాయరు కచ్చితంగా "కావాలని తక్కువకు అమ్మేశారు" అంటాడు. దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఫ్యాక్టరీ కాటా చీటీలు, లారీ బాడుగ రసీదులు, కూలి లెక్కల పుస్తకం ఒకచోట పెట్టండి. అదే వారంలో పక్క తోటల వాళ్లు ఎంతకు అమ్మారో వాళ్ల చీటీల ఫొటోలు తీసుకోండి, బంగారుపాళ్యం మార్కెట్ యార్డులో ఆ రోజుల్లో నడిచిన రేట్లు కనుక్కోండి. 2025లో తోతాపురికి కిలోకు 4 రూపాయలు ప్రకటించినట్టుగా ప్రభుత్వ సాయం ఏదైనా మీ ఖాతాలో పడి ఉంటే దాన్నీ మీరే చెప్పండి. దాచి, అవతలివాళ్లు బయటపెడితే మీ మిగతా లెక్కల మీద కూడా నమ్మకం పోతుంది. మనోవేదనకు, టెన్షన్‌కు, ఊళ్లో పోయిన పరువుకు ఈ రకం కేసులో డబ్బు రాదు. ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఎవరైనా "పోలీసు స్టేషన్లో చీటింగ్ కేసు పెట్టు, దారికొస్తాడు" అని సలహా ఇస్తే వినకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటారు కూడా. చీటింగ్ కావాలంటే మాట ఇచ్చే రోజునే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. ఈయన 50 వేలు కట్టి, రెండుసార్లు మందు కొట్టించాడు. ఫిబ్రవరిలో ఆయనకు కొనాలనే ఉంది, జూన్‌లో మనసు మారింది. ఇది సివిల్ వ్యవహారం. స్టేషన్ చుట్టూ తిరిగితే సీజన్ గడిచిపోతుంది, పని జరగదు.

ముందు ఒక లాయరు చేత నోటీసు ఇప్పించండి. స్పీడు పోస్టులో, అవతలివాళ్లకు ముట్టినట్టు రుజువు వచ్చేలా. తేదీలు, 4 లక్షల బేరం, అడ్వాన్సు, మందులు, కోతకు రాకపోవడం, మీరు అమ్మిన లెక్క అన్నీ అందులో ఉండాలి. ఆ రోజు నుంచి వడ్డీ కూడా అడుగుతున్నట్టు రాయించండి. రాయకపోతే ఆ వడ్డీ తర్వాత రాబట్టడం కష్టం. ఆయన మాట తప్పిన రోజు నుంచి దావా వేయడానికి మూడేళ్ల గడువుంది, కానీ అంతదాకా ఆగితే మందు కొట్టిన కూలీ ఏ ఊళ్లో ఉంటాడో మీకే తెలియదు. వ్యాపారి ఎక్కడి వాడైనా సరే, బేరం జరిగింది, తోట ఉన్నది ఇక్కడే గనుక దావా ఇక్కడి కోర్టులోనే వేయవచ్చు.

లాయరు ఫీజు గురించి ఆలోచిస్తుంటే, చిత్తూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, దానికి కోర్టు ఫీజు ఉండదు. అయితే ఒక జాగ్రత్త. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి అవార్డు అయితే అది కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 2,10,000 రావాల్సిన చోట "లక్షకు సరిపెట్టుకోండమ్మా" అని అక్కడ అందరూ అంటారు. ఎంతకు దిగాలో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. నన్నడిగితే ఏడాదిన్నర వాయిదాల తలనొప్పి లేకుండా లక్షా అరవై, డెబ్బై వేలు చేతికొస్తే తీసుకోమనే అంటాను. అంతకు కిందికి మాత్రం వద్దు. మీ సాక్ష్యం బలంగా ఉంది.

ఇప్పుడు మీ బావగారి సంగతి. ఇది కష్టమైన భాగం.

చట్టం మాట గొప్పదనాన్ని కొలవదు. ఎంతమంది విన్నారన్నదీ చూడదు. ఆ మాటకు బదులుగా మీరేం ఇచ్చారని అడుగుతుంది. దాన్నే కోర్టు భాషలో ప్రతిఫలం అంటారు. ప్రతిఫలం లేని మాట, ఎంత పవిత్రమైనదైనా, ఒప్పందాల చట్టం 25వ సెక్షను ప్రకారం చెల్లదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. దగ్గర బంధువులు ప్రేమతో ఇచ్చిన మాటను కాగితం మీద రాసి రిజిస్టర్ చేయిస్తే ప్రతిఫలం లేకున్నా చెల్లుతుంది. మీ బావగారు రిజిస్టర్ చేయించలేదు. పైగా ఇంట్లో మనుషులు ఒకరికొకరు ఇచ్చుకునే మాటల్ని కోర్టులు కాంట్రాక్టులుగా చూడటానికి ఇష్టపడవు. సిలోన్‌లో ఉద్యోగం చేసే ఒక ఇంగ్లీషు భర్త, ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు పంపుతానని మాటిచ్చి ఆపేస్తే, 1919లో అక్కడి కోర్టు ఆమె దావా కొట్టేసింది. కోర్టుకెక్కాలన్న ఉద్దేశంతో ఇచ్చిపుచ్చుకున్న మాట కాదు అది, అంది.

ఇంతవరకే అయితే "బావగారి మంచితనం మీద వదిలేయండమ్మా" అని రాసి ఊరుకునేవాణ్ణి. కానీ మీరు రాసిన ఆ వాక్యం ఉంది: "బోరు ఉన్న ఎకరా ఆయనకే వదిలేశాము లెండి." ఎందుకు వదిలారు?

మన వైపు బోరున్న ఎకరా, బోరు లేని ఎకరా ఒకటి కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. సమానంగా పంచుకోవాల్సిన చోట మీరు మంచి చెక్క వదులుకున్నారంటే దానికి కారణం ఉండాలి. "పాప చదువు ఆయన చూసుకుంటానన్నాడు కాబట్టి బోరు ఆయనకు పోనీ" అని పంపకాల రోజు ఎవరైనా అన్నారా? మీరే అన్నారా? ఆయన "చదువు నేను చూస్తా, బోరు నాకు వదిలెయ్" అన్నారా? అలా జరిగి ఉంటే కేసు రూపమే మారిపోతుంది. అది జాలితో అన్న మాటగా మిగలదు. భూమికి బదులుగా ఇచ్చిన మాట అవుతుంది.

ఇలాంటిదే ఒక కేసు మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో జరిగింది. చిన్నయ్య, రామయ్య కేసని లా కాలేజీలో మొదటి ఏడాదే చెప్తారు. ఒక ముసలావిడ తన భూమిని కూతురికి రిజిస్టర్డ్ దస్తావేజుతో రాసిచ్చింది. ఏటా 653 రూపాయలు తన తోబుట్టువుకు ఇవ్వాలని అందులో షరతు పెట్టింది. కూతురు ఆ తోబుట్టువుకు ఇస్తానని విడిగా ఒప్పుకుంది కూడా. తర్వాత "నువ్వు నాకేమిచ్చావని నీకియ్యాలి" అని అడ్డం తిరిగింది. 1882 నాటి తీర్పులో మద్రాసు హైకోర్టు ఆ వాదన చెల్లదంది. మన చట్టంలో ప్రతిఫలం ఎవరి చేతి నుంచి వచ్చినా చాలు, మాట అందుకున్న మనిషే ఇవ్వాలని లేదు. మీ విషయంలో దీని అర్థం ఏమిటంటే, ఫీజు అందాల్సింది పాపకు, భూమి వదిలింది మీరు అని మీ బావగారి తరఫు వాళ్లు వాదిస్తే ఆ వాదన నిలవదు. అప్పుడు పాప మైనరు అనే వాదన కూడా పనికిరాదు. మైనరు ఇచ్చిన మాట చెల్లదు గానీ, మైనరుకు మేలు జరిగేలా పెద్దవాళ్లు చేసుకున్న ఒప్పందానికి ఆ అడ్డు లేదు.

చిక్కు ఎక్కడుందంటే, పంపకాల దస్తావేజులో. రిజిస్టర్ అయిన పత్రంలో ఒకటి రాసి ఉండగా, దానికి విరుద్ధంగా నోటిమాట ఉందని చెబితే కోర్టు సాధారణంగా విననే వినదు. "ఇరువురికీ ఇంతటితో ఎలాంటి లావాదేవీలు లేవు" అన్న వాక్యాన్ని దస్తావేజు రాసేవాళ్లు అలవాటుగా రాసేస్తుంటారు, చదవకుండా సంతకాలు పెట్టేస్తాం. ఆ వాక్యం ఉంటే మీ దారి చాలా ఇరుకవుతుంది. అలా లేకుండా పత్రం ఫీజు సంగతిలో మౌనంగా ఉంటే, దానికి అడ్డురాని విడి ఒప్పందం ఒకటి ఉందని సాక్షులతో చూపించడానికి చట్టం వీలిస్తుంది. ఆ రోజు పంపకాల్లో కూర్చున్న పెద్దమనుషులు ఎవరో, వాళ్లలో నిజం చెప్పే మనిషి ఒక్కరైనా ఉన్నారో ఆలోచించండి. అన్నదమ్ముల పంపకాల్లో సాక్ష్యం చెప్పడానికి బంధువులు జంకుతారు, అది మీకూ తెలుసు.

ఇంకో కోణం ఉంది గానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. బోరు ఎకరా సంగతి రుజువు కాకపోయినా, ఆయన మాట నమ్మి మీరు ఏదైనా ఖర్చులోకి దిగారా అని చూడాలి. హౌరాలో టౌన్‌హాలు కట్టడానికి 100 రూపాయలు చందా ఇస్తానని సంతకం పెట్టి ఎగ్గొట్టిన ఒకాయన చేత 1886లో కలకత్తా హైకోర్టు కట్టించింది. ఆ చందాల భరోసా మీదే కట్టడం కాంట్రాక్టు ఇచ్చేశారు, అది ఆయనకు తెలుసు కూడా, అన్నది కారణం. ఆయన చెప్పాడనే మీరు ఉచిత సీటు వదులుకుని ఫలానా కాలేజీలో చేర్పించి ఉంటే చెప్పండి. మామూలుగా చేర్చి ఉంటే ఈ వాదన బలహీనమే.

బావగారికి నోటీసు ఇప్పుడే ఇవ్వకండి. వ్యాపారితో మీకు రేపు చుట్టరికం అక్కర్లేదు. ఈయన రేపు పాప పెళ్లిలో కూర్చోవాల్సిన మనిషి. ముందు వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజీ పెట్టండి. "బావగారూ, పంపకాల్లో బోరు ఎకరా మీకు వదిలినప్పుడు పాప ఫీజు మీరు కడతానన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను ఈ ఏడాది ఇంత కట్టాలి. ఎప్పుడు వీలవుతుందో చెప్పండి." అది నిజంగా జరిగితేనే ఆ మాట రాయండి, కేసు కోసం కొత్తగా కల్పించకండి. ఆయన "అవును గానీ ఇప్పుడు చేతిలో లేదు" అన్నా, "సగం కడతా" అన్నా, బోరు సంగతి కాదనకుండా జవాబిచ్చినా అది మీకు పనికొస్తుంది. ఫోన్ చేసి తిడితే తిట్టనివ్వండి, మీరు తిట్టకండి. ఒప్పుకుంటే ఏడాదికి ఎంత, ఏ నెలలో, ఎన్నేళ్లు అని కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. బోరు ఎకరా వదిలినందుకని ఆ కాగితంలో ఉండాలి, అది మరిచిపోవద్దు.

కొందరు "పంపకాన్నే తిరగదోడు" అంటారు. భర్త పోయిన దుఃఖంలో, పెద్దాయన మీద ఆధారపడి ఉన్నప్పుడు సంతకం పెట్టించుకున్నారని ఆ వాదన. చట్టంలో దానికి చోటుంది, దానికీ మూడేళ్ల గడువుంది, మీకు రెండేళ్ల దాకా అయిపోయింది. కానీ అది మొదలుపెడితే ఫీజు రాదు, ఆ బోరు నుంచి మీకు నీళ్లు వస్తుంటే ఆ దారి కూడా మూసుకుంటుంది. పంపకం నిజంగా అన్యాయంగా జరిగిందని లెక్కలు చూపితే తప్ప దాని జోలికి పోవద్దని నా సలహా.

వచ్చే ఫిబ్రవరిలో పూత చూసి ఎవరో ఒకరు మళ్లీ తోటలోకి వస్తారు. అప్పుడు నోటుబుక్కులో ఒక పేజీ చాలు. ఎన్ని ఎకరాలు, ఎంత ధర, ఎంత ముట్టింది, మిగతాది ఏ రోజుకు, మందు ఎవరిది, కోత ఎవరిది, ఏ తేదీలోగా కోయకపోతే మీరు అమ్ముకుని తేడా వసూలు చేస్తారో రాసి సంతకం పెట్టించుకోండి. రాయనంటే అదే సంగతి ఆయన చేత వాట్సాప్‌లో చెప్పించండి. వంద రూపాయల స్టాంపు పేపరు కోసం తిరగాల్సిన పని లేదు. పాత స్టాంపు పేపరు ఆరు నెలలు దాటితే చెల్లదన్న మాట కూడా నిజం కాదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది.

ప్రస్తుతానికి రెండు పనులు చేయండి. ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి ఫిబ్రవరి నెల స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తెచ్చుకోండి. తర్వాత పంపకాల దస్తావేజు నకలు తీసి, చివరి పేజీలో "ఎలాంటి లావాదేవీలు లేవు" అన్న వాక్యం ఉందో లేదో చదివి నాకు రాయండి.